బేస్ నుంచి అన్ని బళ్ళకూ

ఫిబ్రవరి 4, బుధవారం

కౌన్సెలర్ వచ్చింది. మా మనసులు బాగుచేయడానికట. ఇకమీద ప్రతి బుధవారం మూడు గంటల నుంచి ఆరున్నర దాకా ఉంటుంది. మందుల గదిలో పెట్టెలన్నీ వసారాలోకి జరిపించి, పాత తివాచీ ఒకటి దులిపి పరిచి, ఎదురెదురుగా రెండు కుర్చీలు వేశారు. తివాచీ మాసిపోతుందని చెప్పులు గుమ్మం బయట విప్పాలట.

గొంతు ఎంత మెత్తగా ఉందంటే, మీటింగులో ముందు వరసలో కూర్చున్న నాకే సగం వినపడలేదు. వాకీటాకీలో అయితే ఆ గొంతు గాలికి కొట్టుకుపోతుంది. మెత్తటావిడ అని పేరు పెట్టాను. చెల్లి నవ్వలేదు.

మేనేజరు చిన్న ఉపన్యాసం ఇచ్చాడు. "యుద్ధం జరిగేచోట పనిచేస్తున్నాం. రోజూ చూడకూడనివి చూస్తున్నాం. లోపలే దాచుకుంటే ఎలా, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలి కదా" అన్నాడు. ఎవరికో ఒకరికి ఏమిటి? ఆరేళ్ళుగా అందరూ నాకే చెప్పుకుంటున్నారు. రేడియో గది మరి దేనికుంది? సహాయం పంచడానికి బయటికెళ్ళిన ప్రతి బండీ అరగంటకోసారి బేస్‌కు, అంటే నాకు, పలకాలి. ఎక్కడున్నారు, ఎలా ఉన్నారు అని అడుగుతాను. "అంతా సవ్యం" అంటారు. ఆ రెండు ముక్కలు చాలు నాకు, ఎవరు ఏడ్చారో, ఎవరు అన్నం ముట్టలేదో చెప్పేస్తాను. దీనికి తివాచీలూ కుర్చీలూ ఎందుకో అర్థం కాలేదు.

పేర్లు రాసుకోమని తలుపుకి ఒక కాగితం అంటించారు. ఎవరు రాస్తారులే.

ఫిబ్రవరి 5, గురువారం

ఏడుగురు రాశారు. మూడో పేరు చెల్లిది.

ఫిబ్రవరి 8, ఆదివారం

చెల్లంటే తోడబుట్టింది కాదు, ఇక్కడి నర్సు. వచ్చి రెండేళ్ళయింది. వచ్చిన మొదటి వారమే "అక్కా" అంది, అంతే, నా మంచం పక్కన మంచం వేయించుకున్నాను. రేడియో గది ఒకప్పుడు ఈ ఇంటి వంటిల్లు. సింకు ఇంకా అలాగే ఉంది, కుళాయిలో నీళ్ళే రావు. సాయంత్రం డ్యూటీ దిగాక చెల్లి ఆ సింకు పక్క గట్టెక్కి, కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటుంది. ఇద్దరం టీ తాగుతాం. రోజు మొత్తంలో ఆ అరగంట ఒక్కటే నాది.

నిన్న మా వదిన నా గదిలో కుట్టు మిషను పెట్టించిన సంగతి చెప్పాను. టెలిఫోను ఎక్స్ఛేంజిలో నేను పనిచేసిన రోజుల సంగతి చెప్పాను. తర్వాత బండి మూడు పలకని రోజు సంగతి వచ్చింది. అది ఎలాగూ వస్తుంది. చెల్లి చక్కగా వింటుంది. మా ఇద్దరి మధ్య దాపరికాలు లేవు. ఒకరికొకరం అన్నీ చెప్పుకుంటాం.

మరి ఆ కాగితం మీద పేరెందుకు రాసినట్టు?

ఫిబ్రవరి 11, బుధవారం

నా కుర్చీ కొంచెం ఎడమకు జరిపితే కిటికీలోంచి మందుల గది గుమ్మం కనిపిస్తుంది. వెలుతురు బాగుంటుందని ఇవాళ జరిపాను.

గుమ్మంలో ఎప్పుడూ రెండు జతలుంటాయి. ఒకటి ఆవిడది, గోధుమ రంగుది, ఎడమ చెప్పు పట్టీ తెగితే నల్ల దారంతో కుట్టించుకుంది. రెండోది ఎవరి వంతైతే వాళ్ళది. వంటమనిషి ఇరవై నిమిషాలు. గోడౌను గుమాస్తా పావుగంట, బయటికొచ్చి ముక్కు చీదుకున్నాడు. చెల్లి యాభై నిమిషాలు.

యాభై నిమిషాలు ఏం మాట్లాడుకుంటారు అసలు? బయటికొచ్చినప్పుడు కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ ముఖం తేటగా ఉంది. నా దగ్గర రెండేళ్ళు కూర్చున్నా ఆ ముఖం అలా ఎప్పుడూ లేదు. నా ఒళ్ళు మండింది. ఊరికే రాస్తున్నానా, నిజంగానే చెవులు వేడెక్కాయి.

సింకు గట్టు దగ్గరికి రాలేదు. నేనే వెళ్ళి అడిగాను.

"ఏం చెప్పావేంటి అంతసేపు?"

"ఏదోలే అక్కా."

రెండేళ్ళలో చెల్లి నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు.

ఫిబ్రవరి 12, గురువారం

నాకు నిద్ర బాగానే పడుతోంది. ఎవరో అడిగారని కాదు, ఊరికే రాశాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

అన్నయ్య ఫోను చేశాడు. వదిన పక్కనుంచి "ఎలా ఉందో అడగండి" అంది. రాయిలా ఉన్నానని చెప్పమన్నాను. ఎప్పుడొస్తావు అన్నాడు. నా గదిలో మిషను ఉండగా ఎక్కడ పడుకోను అన్నాను. అన్నయ్య నవ్వి ఊరుకున్నాడు. వదిన మాత్రం మిషను తీయిస్తానని అనలేదు.

మధ్యాహ్నం మేనేజరు నసుగుతూ వచ్చాడు. ప్రతి ఎనిమిది వారాలకూ ఒక వారం సెలవు తీసుకుని ఈ చోటు వదిలి వెళ్ళాలని నియమం ఉంది కదా, నేను పద్నాలుగు నెలలుగా కదల్లేదట, కౌన్సెలర్ మేడమ్ అడిగిందట. చూశారా. వచ్చి పట్టుమని రెండు వారాలు కాలేదు, నా కుర్చీ మీద కన్ను పడింది. నేను వెళ్తే మైకు ఎవరు పట్టుకుంటారు, ఆ గొంతుతో ఆవిడా?

ఫిబ్రవరి 18, బుధవారం

ఏ బండిలో ఎవరు వెళ్ళాలో ముందురోజు బోర్డు మీద రాసేది నేనే. టీకాల బండికి, అంటే బండి రెండుకు, నర్సు తప్పనిసరి. బుధవారం వంతెన అవతలి గ్రామాలకు వెళ్ళి, తిరిగొచ్చేసరికి ఏడవుతుంది. చెల్లి పేరు రాశాను.

నలుగురు నర్సులున్నారు, కాదనను. కానీ చెల్లి చెయ్యి తేలిక, సూది గుచ్చితే పిల్లలు ఏడవరు. ఇందులో వేరే ఉద్దేశం ఏముంది?

గుమ్మంలో చాలాసేపు ఒక జతే ఉంది. ఇవాళ టీ రుచిగా అనిపించింది.

ఫిబ్రవరి 25, బుధవారం

మళ్ళీ చెల్లి పేరే. పొద్దున బండెక్కే ముందు నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నన్ను బుధవారం తప్ప ఇంకే రోజైనా వెయ్యవా?"

"చూస్తాలే."

"నాకు కొంచెం అవసరం అక్కా."

"నాకు చెప్పుకోలేని అవసరమా?"

టీకాల ఐస్ పెట్టె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

నాలుగింటికి మెత్తటావిడ నా గుమ్మంలోకి వచ్చింది. ఉత్త కాళ్ళతో. కిటికీ వైపు చూసి, "ఇక్కణ్ణుంచి మా తలుపు బాగా కనిపిస్తుందే" అంది. నవ్వుతూనే అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"మీరూ ఒకసారి రండి. మీ ఇష్టమొచ్చినప్పుడే."

"నేను సీటు వదలకూడదు."

"పోనీ నేనే వచ్చి కూర్చుంటాను."

"రేడియో గదిలో బయటివాళ్ళు కూర్చోకూడదు. నియమం."

అలాగే అని తలూపి వెళ్ళిపోయింది. కోపమైనా తెచ్చుకోదు మనిషి. ఆ శాంతం చూస్తే ఇంకా మంట.

మార్చి 4, బుధవారం

బండి రెండు వంతెన దగ్గర కాల్పుల్లో చిక్కుకుంది. రెండు గంటలు. అందరూ క్షేమం.

మార్చి 5, గురువారం

అన్నీ వివరంగా రాయాలి. రేపు మేనేజరు రిపోర్టు అడుగుతాడు.

బండిలో ఇద్దరే. డ్రైవరు బాబాయి, చెల్లి. మూడూ నలభైకి వంతెనకు రెండు పక్కలనుంచీ గుండ్లు పడటం మొదలైంది. బాబాయి బండిని పిండిమిల్లు గోడ వెనక్కి తిప్పి ఆపేశాడు. ఇద్దరూ దిగి గోడ మొదట్లో కూర్చున్నారు. వాకీటాకీ చెల్లి చేతిలో ఉంది. ప్రమాదం వేళ రేడియో గదిలో మేనేజరూ నేనూ తప్ప ఎవరూ ఉండకూడదు. మేనేజరు ఫోను పట్టుకుని వసారాలో రెండు పక్షాలవాళ్ళనూ బతిమాలుతున్నాడు. గదిలో నేనొక్కదాన్నే.

నాలుగూ పదికి చెల్లి గొంతు వచ్చింది. పళ్ళు టకటకమని కొట్టుకోవడం కూడా వినిపించింది.

"అక్కా, మేడమ్ ఉన్నారా? ఒక్క రెండు నిమిషాలు మైకు ఆవిడకివ్వు."

ఆవిడ వెళ్ళిపోయిందని చెప్పాను. మబ్బు పట్టి ఉంది కదా, వానకు ముందే బయల్దేరి ఉంటుంది అనుకున్నాను.

"నేనున్నాగా" అన్నాను. ఉన్నాను కూడా. ఒక్క క్షణం దాన్ని ఒంటరిగా వదల్లేదు. అరగంటకోసారి కాదు, ఆపకుండా మాట్లాడాను. ధైర్యం చెప్పాను. పోయిన ఏడాది బండి మూడు సంగతి కూడా చెప్పాను. మార్కెట్ దగ్గర దాని మీద గుండు పడిన రోజు, పందొమ్మిది సార్లు పిలిచాను, ముగ్గురిలో ఒక్కరూ పలకలేదు, అందుకే నువ్వు పలుకుతూనే ఉండు, ఆగకు అని చెప్పాను. ధైర్యం కోసమే చెప్పాను.

నాలుగూ యాభైకి అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ఇరవై ఆరు సార్లు పిలిచాను. లాగ్ బుక్కులో ఇరవై ఆరు సార్లూ టైముతో రాశాను, దస్తూరీ ఎక్కడా వంకర పోలేదు.

అయిదూ నలభైకి బాబాయి పలికాడు. "బయల్దేరాం. అంతా సవ్యం." బాబాయి దగ్గర ఇంకో బ్యాటరీ ఉండుంటుంది.

ఆరున్నరకు మెత్తటావిడ వచ్చి, "నన్ను పిలవాల్సిందేమో కదా" అంది. అవసరం పడలేదన్నాను.

మార్చి 6, శుక్రవారం

మేనేజరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. "గంటల తరబడి మైకు వదల్లేదు, మనిషి కాదు రాయి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చెల్లి మీటింగుకు రాలేదు.

మంచం కూడా మార్చుకుంది. మిగతా నర్సుల గదిలో వేయించుకుంది. కాస్త ఒంటరిగా ఉండాలనుందట. నలుగురున్న గదిలో ఒంటరితనం ఎలా దొరుకుతుందో ఆ మెత్తటావిడకే తెలియాలి.

మార్చి 8, ఆదివారం

బాబాయి టీకి వచ్చాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు ఊదుకున్నాడు. బ్యాటరీలు ఎక్కువ పెట్టుకోమని, లేకపోతే మొన్నటిలాగే అవుతుందని అన్నాను.

"బ్యాటరీ నిండుగా ఉందమ్మా" అన్నాడు.

"మరి?"

"చిన్నమ్మాయే కట్టేసింది."

"ఎందుకు?"

"నువ్వు బండి మూడు సంగతి చెప్తున్నావు కదా. చెవులు మూసుకుంది పాపం. అయినా వినపడుతోందని కట్టేసి నా ఒళ్ళో పడేసింది. నేనూ ఆన్ చెయ్యలేదు. తప్పే, రాసుకో కావాలంటే."

గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

మార్చి 8, సాయంత్రం

బాబాయికి వయసు మీద పడింది. ఏదో అనుకుని ఏదో చెప్తాడు.

మార్చి 9, సోమవారం

చెల్లి ఇవాళ క్లినిక్కులో సిరంజీలోకి మందు ఎక్కించలేకపోయింది. వేళ్ళు వణుకుతున్నాయట. రెండు సీసాలు కింద పడి పగిలాయి. ఆ చెయ్యే కదా తేలిక అని రాశాను. హెడ్డాఫీసుతో మాట్లాడి మేనేజరు నెల రోజులు సెలవిచ్చాడు. ఎల్లుండి ప్రయాణం. తిరిగొస్తుందో రాదో తెలియదన్నాడు.

ఆవిడ వెళ్ళిపోయిందనుకున్నాను అని అయిదో తారీఖున రాశాను.

చెప్పులు ఉన్నాయి. గోధుమ రంగువి, ఎడమ పట్టీకి నల్ల దారం. పక్కన గుమాస్తా బూట్లు. చెల్లి మైకు అడగగానే నేను కుర్చీలోనే తల తిప్పి చూశాను. మందుల గది పన్నెండు అడుగుల దూరం. లేచి తలుపు తడితే అయిపోయేది. తల ఇటు తిప్పి, వెళ్ళిపోయారని చెప్పాను.

చెల్లి ఎందుకు అడిగిందో నాకు తెలుసు. అంత భయంలో కూడా నన్ను కాదని ఆవిణ్ణి అడిగింది. నా గొంతు చెవిలో ఉండగానే ఇంకో గొంతు కావాలంది. గుండ్లు పడుతున్నది దాని మీదైతే, ఏడుపొచ్చింది నాకు.

ఇదే నిజం. రిపోర్టులో రాయలేదు.

మార్చి 10, మంగళవారం

చెప్పేశాను.

నర్సుల గదిలో బట్టలు సర్దుకుంటోంది. మిగతావాళ్ళు డ్యూటీలో ఉన్నారు. గుమ్మంలో నిలబడే చెప్పాను. బుధవారాలు కావాలనే వేశానని, మేడమ్ ఆ రోజు గదిలోనే ఉందని, చెప్పులు చూసి కూడా అబద్ధం ఆడానని. చొక్కా మడత పెడుతున్నదల్లా ఆగిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఆవిడ నాకొకటి నేర్పింది అక్కా. భయం వేస్తే కళ్ళముందున్న వస్తువుల పేర్లు ఒక్కొక్కటే చెప్పమంది. సగంలో తప్పిపోతే తను అందించింది. మిల్లు గోడ దగ్గర నాకు ఇటుక దాకా వచ్చింది. తర్వాతేమిటో గుర్తురాలేదు. అందుకే అడిగాను."

"నన్నడిగితే నేను చెప్పనా?"

"నిన్ను అడగడానికి సందేది?"

చెల్లి నా వైపు తిరిగింది.

"నీకు ఏదైనా చెప్పాలంటే ముందు నువ్వు ఊపిరి తీసుకోవాలి కదా అక్కా. రెండేళ్ళు గట్టు మీద కూర్చున్నాను. నా సంగతి ఒక్కటి చెప్పు చూద్దాం."

ఆలోచించాను. వాళ్ళ అమ్మకి ఒంట్లో బాగోలేదని ఒకసారి అన్నట్టు గుర్తు. ఎలా ఉందో తర్వాత అడిగానా? గుర్తులేదు.

"రోజూ సాయంత్రం బండి మూడు సంగతి చెప్తావు. ఆ ముగ్గురూ ఏ సీట్లో కూర్చున్నారో కూడా చెప్తావు. పొద్దున్నే నేను బండి రెండు ఎక్కాలి. ఆవిడ దగ్గరికి వెళ్ళింది దానికే. అక్క మనసు కష్టపెట్టకుండా ఆ కథ ఎలా ఆపించాలో అడగడానికి. వెళ్ళిన ఆ ఒక్క రోజూ, యాభై నిమిషాల్లో చివరి పది తప్ప అన్నీ నీ గురించే."

ఇన్నాళ్ళూ నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్న ఆ యాభై నిమిషాలు.

"ఆవిడ ఒకటడిగింది. అందరినీ ఎలా ఉన్నారని అడిగే ఆ రేడియో అక్కను, ఎలా ఉన్నావని ఎవరైనా అడుగుతారా అని. ఎవరూ అడగరన్నాను. నేనూ అడగలేదు. అది నా తప్పు. కానీ నువ్వు చేసింది వేరే, అక్కా. ఇప్పుడు నీతో మాట్లాడటం నావల్ల కాదు."

చొక్కా మడత పూర్తి చేసింది. నేను నిలబడే ఉన్నాను. పెట్టె జిప్పు పట్టుకోలేక వేళ్ళు జారుతుంటే, దగ్గరికెళ్ళి లాగాను. వద్దనలేదు. వెళ్ళమని కూడా అనలేదు. వచ్చేశాను.

మేనేజరుకి కూడా చెప్పాను. బోర్డు రాసే పని ఇవాళ్టి నుంచి తనే చూసుకుంటానన్నాడు. మిగతాది హెడ్డాఫీసు తేలుస్తుందట.

మార్చి 11, బుధవారం

రెండున్నరకు చెల్లి బండి రెండులో వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూశాను. చెయ్యి ఊపలేదు.

మూడింటికి అరగంట పిలుపు. బాబాయి పలికాడు, సవ్యం అన్నాడు. రాసుకున్నాను.

మూడున్నరకు మళ్ళీ పిలిచాను. "బేస్ నుంచి బండి రెండుకు. ఎక్కడ, ఎలా?"

ఈసారి చెల్లి గొంతు. "పిండిమిల్లు దాటాం. అంతా సవ్యమని చెప్పలేను, వెళ్తున్నాం."

రాసుకుంటున్నాను. అక్కడితో అయిపోవాలి. నియమం ప్రకారం బండి పలికాక బేస్ సరేనంటుంది, మైకు పెట్టేస్తుంది. సరే అనబోతుంటే మళ్ళీ చెల్లి గొంతు వచ్చింది.

"బేస్. నువ్వెలా ఉన్నావు?"

అలాంటి ప్రశ్న మా నియమాల పుస్తకంలో ఎక్కడా లేదు. ఛానెల్ అందరిదీ. బండి ఒకటి వింటోంది, బండి నాలుగు వింటోంది, మేనేజరు బల్ల మీద సెట్టు కూడా వింటోంది. రాయిలా ఉన్నాను అనే మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది, అన్నయ్యకి చెప్పీ చెప్పీ అరిగిపోయింది. మైకు నొక్కాను. ఏమీ చెప్పకుండానే వదిలేశాను. అటునుంచి ఎవరూ తొందర పెట్టలేదు.

మళ్ళీ నొక్కాను.

"బాగోలేదు" అన్నాను.

కాసేపు గరగరా శబ్దం మాత్రమే వచ్చింది. తర్వాత చెల్లి, "విన్నాను, బేస్" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. అంతకు మించి అడిగే హక్కు నాకు లేదు.

లాగ్ బుక్కులో బేస్ ఎలా ఉందో రాయడానికి గడి లేదు. పక్కన ఖాళీలో రాశాను. మూడూ ముప్ఫై రెండు. రేడియో గది. బాగోలేదు. కింద సంతకం పెట్టాను. దస్తూరీ వంకర పోయింది.

తల ఎత్తేసరికి మేనేజరు గుమ్మంలో ఉన్నాడు. వచ్చి నా కుర్చీ పక్కన నిలబడ్డాడు. మైకు ఇచ్చేశాను. నాలుగింటి పిలుపు ఆలస్యం చేయొద్దని, బండి నాలుగు డ్రైవరు సవ్యం అన్నా నమ్మొద్దని, గొంతు వినమని చెప్పాను. వెళ్ళండి నేను చూసుకుంటాను అన్నాడు.

పన్నెండు అడుగులే. గోధుమ రంగు చెప్పుల పక్కన నా చెప్పులు విప్పాను. లోపలికెళ్ళగానే ఆవిణ్ణి క్షమాపణ అడిగాను, జరిగిందంతా చెప్పాను. వింది. కూర్చోమంది. ఎక్కణ్ణుంచి మొదలుపెడతారు అని అడిగింది. బండి మూడు నుంచి అన్నాను.

పందొమ్మిదో పిలుపు దగ్గర నా గొంతు ఆగిపోయింది. ఇన్నాళ్ళూ చెల్లికి చెప్పినప్పుడు ఎప్పుడూ ఆగలేదు. ఆవిడ ఏమీ అందించలేదు, నీళ్ళ గ్లాసు ఇటు జరిపింది. ఏడ్చాను. ఎంతసేపో తెలియదు అని రాద్దామనుకున్నాను కానీ తెలుసు, గోడ మీద గడియారం ఉంది.

గంటా పది నిమిషాలు కూర్చోబెట్టుకుంది. చెల్లిని యాభై నిమిషాలే.